బిడ్డల పెంపకపు భారము ఎవరిది?

"నారు పోసినవాడు నీరు పోయడా?" అని మన పెద్దలు చెప్పుదురు. ఇంట మరియొక బిడ్డ పుట్టినపుడు ఖర్చులకు వెరచు తల్లిదండ్రులకు ఇరుగుపొరుగువారు ఈ మాటతోనే ధైర్యము చెప్పుట వాడుక. కాని నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, వరికుంటపాడు, ఉదయగిరి, సీతారామపురము ప్రాంతములలో, రైతు ఈ సామెతను విని చిరునవ్వు నవ్వి ఊరకుండును. అక్కడ విత్తుట మనుష్యుని చేతిలోని పని. నీరు పోయుట ఆకాశము చేతిలోని పని. వాన పడని యేట సజ్జయు, కందియు ఎండిపోవును. బిడ్డలు మాత్రము వానతో నిమిత్తము లేక పెరుగుచునే యుందురు. ఏటేట వారి చొక్కాలు పొట్టివగును, ఆకలి పెద్దదగును. ఆ పెరుగుదలకు వలయు ఖర్చును ఎవరు భరింపవలెను? కన్నవారా? రాజ్యమా? ఈ ప్రశ్నను నేడు మనము కొంచెము నిదానముగ విచారింతము.

మొదట ఖర్చనగా నేమో తెలిసికొనవలెను. వరికుంటపాడు మండలములో కూలిపై బ్రదుకు ఒక కుటుంబమును ఊహించుకొందము. ఇద్దరు బిడ్డలు. బియ్యము, పప్పు, పాలు, బట్టలు, జ్వరము వచ్చినపుడు మందులు, ఉదయగిరికో వింజమూరుకో పోవలసినపుడు బస్సు చార్జీలు, నోటుపుస్తకములు: ఇవి కంటికి కనబడు ఖర్చులు. వీనిని తండ్రి వ్రేళ్లు మడిచి లెక్క చెప్పగలడు. కనబడని ఖర్చు మరియొకటి కలదు. చంకలో చంటిబిడ్డ నున్న తల్లి పొగాకు తోటకు కూలికి పోలేదు. పోయినను పూర్తి కూలి తెచ్చుకొనలేదు. ఆమె పోగొట్టుకొన్న కూలి ఏ పద్దులోను ఎక్కదు. బిడ్డ పుట్టిన తొలి రెండు మూడేండ్లలో అనేక గృహములలో అన్నింటికంటె పెద్ద ఖర్చు ఇదియే. దీనిని మరచి చేయు చర్చ సగము చర్చయే యగును.

పూర్వము ఈ భారమంతయు కన్నవారిదే యనుటలో ఎవరికిని సందేహ ముండెడిది కాదు. అందుకు ప్రేమ యొక్కటే కారణము కాదు, లెక్కయు సరిపోయెడిది. ఏడెనిమిదేండ్ల పిల్లవాడు గొఱ్ఱెలను తోలుకొని పోయెడివాడు. పదేండ్ల పిల్ల చెల్లెలి నెత్తుకొని తల్లిని పొలమునకు పంపెడిది. పెద్దవారైన పిమ్మట ఆ బిడ్డలే ముసలి తల్లిదండ్రులకు అన్నము పెట్టెడివారు. ఖర్చు పెట్టిన ఇల్లే ఫలము ననుభవించెడిది.

నేడు ఆ లెక్క మారినది. బిడ్డ పొలములో గాక బడిలో ఉండవలెనని చట్టమును, లోకమును కోరుచున్నవి. అది సరియైన కోరికయే. చదువు ముగిసిన పిమ్మట మెట్ట గ్రామముల యువకులు అనేకులు బెంగుళూరు, చెన్నై, హైదరాబాదు నగరములకు పోవుచున్నారు. వారి శ్రమ ఆ నగరములలో మేడలు కట్టుచున్నది, కార్యాలయములు నడుపుచున్నది. వారు చెల్లించు పన్నులు దేశపు ఖజానాకు చేరుచున్నవి. ఇరువది యేండ్లు ఖర్చు పెట్టినది మెట్ట పల్లె. పంట నూర్చుకొనుచున్నది మరియొక చోటు. ఫలము పదిమందికి పంచబడుచుండగా పెట్టుబడి మాత్రము ఒక్క ఇంటిదే కావలె ననుట న్యాయమా యని అడుగవలసి యున్నది.

చట్టములు ఈ విషయమున ఏమి చెప్పుచున్నవి? కౌటిల్యుని అర్థశాస్త్రము రెండు మాటలను ప్రక్కప్రక్కనే చెప్పినది. దిక్కులేని పిల్లలను, వృద్ధులను, ఆధారము లేని గర్భిణులను, వారి శిశువులను రాజు పోషింపవలెను. శక్తి యుండియు భార్యాబిడ్డలను పోషింపని వానికి 12 పణముల దండుగ విధింపవలెను. అనగా శక్తి గలవాడు తప్పించుకొనరాదు. శక్తి లేనివానిని రాజ్యము విడువరాదు. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టము సంతానమును పోషించు బాధ్యతను తల్లిదండ్రులపై నుంచినది. మన రాజ్యాంగమో, పదునాలుగేండ్లు నిండు వరకు బాలబాలికలందరికి ఉచిత నిర్బంధ విద్య నిచ్చుటకు రాజ్యము పదేండ్లలో ప్రయత్నింపవలెనని 1950లోనే ఆదేశించినది. పదేండ్లు అరువదేండ్లైనవి. 2002లో 86వ సవరణ ద్వారా ఆరు మొదలు పదునాలుగేండ్ల వారికి విద్య ప్రాథమిక హక్కైనది. ఆ హక్కును ఆచరణలో పెట్టు చట్టము 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. ఆ 86వ సవరణయే బిడ్డకు చదువుకొను అవకాశము కల్పించుట తల్లిదండ్రుల విధి యని కూడ వ్రాసినది. హక్కును రాజ్యము తీర్చవలెను. బిడ్డను గడప దాటించి బడికి పంపుట ఇల్లు చేయవలెను. భారము ఒకరిదే యని మన రాజ్యాంగము ఎక్కడను చెప్పలేదు.

చదువు మాట యిట్లుండగా, అన్నము మాట చూతము. 1920లో మదరాసు నగర సంస్థ, పిట్టి త్యాగరాయ చెట్టిగారు అధ్యక్షులుగా నున్న కాలమున, థౌజండ్ లైట్స్ ప్రాంతపు బడిలో పిల్లలకు ఫలహార మిచ్చుటకు పూనుకొనినది. పేద పిల్లలు ఆకలితో బడి మానుకొనుచుండుటయే కారణము. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినపుడు నెల్లూరు జిల్లా మదరాసు రాష్ట్రము నుండి విడివడినది. మూడేండ్లకు, 1956లో, కామరాజు ప్రభుత్వము అక్కడి బడులలో మధ్యాహ్న భోజనము ప్రారంభించినది. 2001 నవంబరు 28న సుప్రీముకోర్టు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నింటను వండిన భోజనము పెట్టవలెనని ఉత్తరువు చేసిన పిమ్మట, 2003 జనవరిలో మన రాష్ట్రమున ఆ పథకము సర్వత్ర ఆరంభమైనది. ఆనాడు పలువురు "అన్నము పెట్టుట అమ్మ పని గాని ప్రభుత్వపు పని యగునా?" అని ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణ నేడు వినబడదు. బడిలో పెట్టిన అన్నము అమ్మ ప్రేమను తగ్గింపలేదు. ఆమె తెల్లవారుజాముననే కూలికి పోవునపుడు ఆమె మనస్సులోని బెంగను తగ్గించినది.

అయితే రాజ్యము ఒక చేత ఇచ్చి మరియొక చేత తీసికొనిన సందర్భములును కలవు. అందుకు నిదర్శనము దూరమున లేదు. కలిగిరి మండలములోని దూబగుంటలోనే యున్నది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యమిచ్చు పథకము వచ్చినది. అదే కాలమున ప్రభుత్వము సరఫరా చేసిన సారా పల్లెపల్లెకు చేరినది. తండ్రి సాయంకాలము తెచ్చిన కూలి సారా దుకాణముననే మిగిలిపోయెడిది. అబ్కారీ రాబడిగ ఖజానాకు చేరెడిది. ఇంట పొయ్యి వెలిగెడిది కాదు. 1990 దశాబ్దపు తొలి సంవత్సరములలో అక్షరాస్యతా ఉద్యమమున రాత్రి బడులకు వచ్చిన స్త్రీలు అక్షరములతో పాటు ఈ లెక్కను కూడ చదువుకొనిరి. దూబగుంట స్త్రీలు తమ ఊరి సారా దుకాణమును మూయించిరి. వారిలో రోశమ్మగారి పేరు రాష్ట్రమంతట వినబడినది. వారి కథ పాఠముగా అచ్చై ఇతర గ్రామముల స్త్రీలకు దారి చూపినది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమున సారా నిషేధింపబడినది. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి, 1997లో సడలింపబడినది.

ఆ తల్లులు అడిగినదేమి? తమ బిడ్డలను ప్రభుత్వమే పెంచవలెనని వారు అడుగలేదు. బిడ్డల నోటికి చేరవలసిన కూలి డబ్బును దారిలో పట్టుకొనవద్దని అడిగిరి. ఇందులో మనకొక సూత్రము దొరకుచున్నది. రాజ్యమునకు సొంత ధనము లేదు. కూలివాడు కొను సబ్బు బిళ్లపై గూడ పన్ను కలదు. కావున "తల్లిదండ్రులా, రాజ్యమా?" అను ప్రశ్నకు అసలు రూపము వేరు: ప్రతి ఇల్లు తన బిడ్డ ఖర్చును ఒంటరిగ మోయవలెనా, లేక అందరి ఇండ్ల నుండి వసూలైన ధనముతో అందరి బిడ్డల భారమును కొంత పంచుకొనవలెనా?

ఇటీవలి కాలమున పంచుకొనుట నగదు రూపము దాల్చినది. 2020 జనవరి 9న చిత్తూరులో ప్రారంభమైన అమ్మ ఒడి పథకము బిడ్డలను బడికి పంపు తల్లికి ఏటికి 15,000 రూపాయలు ప్రకటించినది. బిడ్డలెందరైనను తల్లికి ఒక్క మొత్తమే. 2025 జూన్‌లో వచ్చిన తల్లికి వందనము పథకము లెక్కను బిడ్డకు మార్చినది. బడికి పోవు ప్రతి బిడ్డకు 15,000 రూపాయలు కేటాయించి, 13,000 తల్లి ఖాతాకును, 2,000 బడి నిర్వహణకును ఇచ్చినది. ఈ రెండింటను సొమ్ము తల్లి పేర ఇచ్చుట గమనింపదగినది. బ్రిటనులో ఎలినార్ రాత్‌బోన్ అను విదుషి 1924 నుండియు ఈ వాదమునే చేసినది. 1945లో అక్కడ కుటుంబ భత్యముల చట్టము వచ్చినపుడు, రెండవ బిడ్డ నుండి వారమునకు ఐదు షిల్లింగులు తల్లికే ఇవ్వవలెనని పట్టుబట్టి సాధించినది. 1946 ఆగస్టులో తొలి చెల్లింపు జరుగుటకు కొన్ని నెలల ముందే ఆమె కన్నుమూసినది.

ఇట్టి సహాయమునకు ఆక్షేపణలు లేకపోలేదు. ఉచితముగ వచ్చిన ధనము తల్లిదండ్రులను బాధ్యత మరపించునని కొందరందురు. ప్రైవేటు బడి ఫీజులకే ఆ ధనము చేరునని మరికొంద రందురు. అదే ధనమును ప్రభుత్వ బడిపై వెచ్చించిన మేలు గదా యని వారి వాదము. మొదటి ఆక్షేపణ మాకు బలముగ తోచదు. మెట్ట పల్లెలో 13,000 రూపాయలతో ఏ తల్లియు ఏడాది పొడవున ఒక బిడ్డను పెంచజాలదు. మిగిలినదంతయు ఆమెయే తెచ్చుకొనవలెను. రెండవది విచారింపదగిన మాట. ఊరి బడిలో ఉపాధ్యాయులు చాలినంతమంది యుండి, చదువు చక్కగ సాగినచో, తల్లి చేతిలోని సొమ్ము బిడ్డ పాలకును, బట్టలకును మిగులును. బడి సరిగా లేనిచో ఎంత నగదైనను ఫీజులపాలగును. బడికి నగదు బదులు కానేరదు.

ఈ పథకము లొకటవ తరగతి నుండి మాత్రమే యని కూడ గుర్తుంచుకొనవలెను. అంతకు ముందటి ఆరేండ్ల మాట ఏమి? 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల క్రింద అంగనవాడీ కేంద్రములు వెలసి, పౌష్టికాహారమును, టీకాల వసతిని పల్లెలకు తెచ్చినవి. అది చిన్న మేలు కాదు. కాని అంగనవాడీ మూడేండ్లు నిండిన బిడ్డనే పగలు కూర్చుండబెట్టుకొనును. చంటిబిడ్డ తల్లి చంకలోనే యుండును. ఉద్యోగినులకు 2017 సవరణ చట్టము తొలి ఇద్దరు బిడ్డలకు 26 వారముల జీతముతో కూడిన సెలవు నిచ్చినది. పొగాకు గ్రేడు చేయు కూలి స్త్రీకి ఆ చట్టము వర్తింపదు. ఆమెకు 2017లో వచ్చిన మాతృ వందన పథకము తొలి కాన్పునకు చూపినది 5,000 రూపాయలు. 2005 నాటి ఉపాధి హామీ చట్టము ఒక మంచి మాట వ్రాసినది: పనిచోట ఆరేండ్ల లోపు పిల్లలు ఐదుగురున్నచో, వారిని చూచుటకు ఒక స్త్రీని కూలి ఇచ్చి నియమింపవలెనని. బిడ్డను ఆడించుట కూడ పనియే యనియు, దానికి కూలి ఇవ్వదగుననియు చట్టమొప్పుకొనిన సందర్భమిది. పల్లెపల్లెను ఇట్టి శిశు గృహ మొకటి యుండినచో కనబడని ఆ పెద్ద ఖర్చు సగము తీరును.

మరియొక సంగతి. 1994లో మన రాష్ట్రము ఇద్దరికి మించి బిడ్డలు గలవారు స్థానిక ఎన్నికలలో నిలువరాదని శాసించినది. 2024లో ఆ నిబంధనను తొలగించినది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీకి సగటున 1.7 బిడ్డలు మాత్రమే. ముప్పదేండ్ల క్రిందట బిడ్డలు ఎక్కువని వెరచిన రాజ్యము నేడు తక్కువని చింతించుచున్నది. వద్దన్ననాడును, కావలెనన్ననాడును కడుపు మోసినది తల్లియే. బిడ్డలు దేశమునకు కావలసినవారైనచో వారి పెంపకమున దేశమునకు వంతు ఉండవలెను.

అట్లని సర్వము రాజ్యమే చేయగలదా? ఇజ్రాయెలులోని కిబ్బుత్సు అను సమష్టి గ్రామములలో బిడ్డలను తల్లిదండ్రుల యిండ్లలో గాక శిశు గృహములలో నిద్రింపజేసి, సమాజమే పెంచిన ప్రయత్నము పెక్కేండ్లు జరిగినది. ఖర్చు నంతయు గ్రామమే భరించినది. అయినను 1990 దశాబ్దము నాటికి ఆ పద్ధతి దాదాపు పూర్తిగ అంతరించినది. రాత్రి వేళ బిడ్డ తమ చెంత నుండవలెనని తల్లిదండ్రులే కోరిరి. ఖర్చును పంచుకొనవచ్చును గాని, కన్నవారి చోటును పంచి ఇచ్చుట సాధ్యము కాదని ఆ అనుభవము చెప్పుచున్నది.

కావున మాకు తోచిన సమాధానమిది. బిడ్డకు అన్నము కలిపి పెట్టుట, మాట నేర్పుట, మంచి చెడ్డలు చెప్పుట, జ్వరము వచ్చిన రాత్రి మేలుకొని యుండుట కన్నవారివి. చదువు, వైద్యము, టీకా, బడిలోని భోజనము, తల్లి కూలికి పోయినపుడు బిడ్డకొక నీడ రాజ్యమువి, అనగా మనందరివి. తండ్రి తన కూలిని ఇంటికి తెచ్చుట అతని విధి; ఆ కూలిని దారిలో కాజేయకుండుట రాజ్యపు విధి. దూబగుంట స్త్రీలు ముప్పదేండ్ల క్రిందటనే ఈ పంపకమును తేల్చి చెప్పిరి.

నారు పోసినవాడు నీరు పోయవలసినదే. కాని కాలువ త్రవ్వుట ఒక్క రైతు పని కాదు. అది ఊరంతయు కలిసి చేయవలసిన పని.