నేలమాళిగలో క్రిస్మసు కచేరి

క్రిస్మసు పండుగ జరుపుకొన్న నేరమునకు అయిదు షిల్లింగుల జరిమానా విధించు శాసనమొకటి 1659లో మసాచుసెట్సు సీమలో వెలువడి, 1681 వరకు అమలులో నుండెనని చెప్పినచో, నవంబరు గడవకమునుపే దీపతోరణములతో నిండిపోవు నేటి బోస్టను వీధులను చూచి పెరుగుచున్న మన పిల్లలు నమ్మరు. ఆ శాసనమును చేసినవారు అన్యమతస్థులు కారు; క్రైస్తవులలోనే నిష్ఠాగరిష్ఠులైన ప్యూరిటనులు. క్రీస్తు ఫలానా దినమున జన్మించెనని బైబిలులో ఎచ్చటను లేదనియు, పండుగ పేర జనులు తాగి తందనాలాడుటయే జరుగుచున్నదనియు వారి వాదము. శాసనము రద్దయినను సంకోచము తీరుటకు మరి నూటడెబ్బదియేండ్లకు పైగా పట్టినది. ఆ దినమును ఈ రాష్ట్రము సెలవుదినముగా అంగీకరించినది 1856లో. ఇంతటి నిషేధమును చవిచూచిన గడ్డమీదనే ఆంగ్లభాషలోని క్రిస్మసు గీతములలో మిక్కిలి ప్రసిద్ధములైనవి కొన్ని రూపుదాల్చుట చిత్రము. వానిని వినదలచినవారికి ఇచ్చట మహోన్నతములైన చర్చీలును, సింఫనీ మందిరములును కలవు. నేను చెప్పబోవునది మాత్రము కేంబ్రిడ్జిలో, హార్వర్డు కూడలికి వెనుకనున్న పామర్ వీధియను సందులో, మెట్లు దిగి పోవలసిన యొక నేలమాళిగనుగూర్చి.

దాని పేరు పాసిమ్. 1958లో మౌంట్ ఆబర్న్ వీధిలో 47వ నంబరు ఇంట ఇద్దరు యువతులు జాజ్ సంగీతముకొరకు తెరచిన ‘క్లబ్ 47’ అను కాఫీశాల దీనికి మూలము. ఆ సంవత్సరమే, అప్పటికి పదునేడేండ్ల ప్రాయమున నున్న జోన్ బేజ్ గిటారు చేతబట్టి అక్కడ పాడుటతో జాజ్ వెనుకకు పోయి జానపదగీతము ముందుకు వచ్చినది. 1963లో ఆ క్లబ్బు ఇప్పటి మాళిగకు తరలినది, 1968లో మూతపడినది, పిమ్మట అదే చోట పాసిమ్ అను పేర మరల తలయెత్తినది. 1990ల నడుమనుండి లాభాపేక్ష లేని సంస్థగా నడచుచున్నది. ఆనాటి కాఫీశాలలలో మద్యము లేకపోవుట చిన్న విషయముగా తోచవచ్చును గాని, అమెరికా జానపదసంగీతచరిత్రలో అది చాల పెద్ద విషయము. మద్యశాలలో గాయకుడు మాటల గోలపై గొంతెత్తి గెలువవలెను. కాఫీశాలలో శ్రోత వినుటకే వచ్చును. కాలక్రమమున నియమములు ఎంత సడలినను, పాట నడచుచుండగా నోరు మెదపరాదను మర్యాద మాత్రము ఇచ్చట నిలిచియున్నది.

నూరుమందికి కొంచెము అటునిటుగా పట్టు ఆ గదిలో, ఎదుటివారి మోకాళ్ళు మన మోకాళ్ళకు తగులునంత ఇరుకుగా వేసిన బల్లల నడుమ, డిసెంబరు నెల యొక సాయంకాలమున మేము కూర్చుంటిమి. పాడవచ్చినది అయిదుగురు గల జానపద రాక్ బృందము: గిటారు, మాండొలిను, ఫిడేలు, మనిషి నిలువును మించిన బేస్, తాళమునకు కహోన్ అను చెక్కపెట్టె. చోటు చాలక కాదు గాని, అంత చిన్న గదిలో డ్రమ్ములను పూర్తిగా మోగించినచో పాట మునిగిపోవునను వివేకముతోనే కాబోలు, వాద్యగాడు ఆ పెట్టెమీదనే కూర్చుండి దాని ముఖమును అరచేతులతోను, సన్నని కుంచెలతోను తట్టుచుండెను. బయట మంచు, లోపల జనసమ్మర్దపు వెచ్చదనము. ఇట్టి మార్పునకు కొయ్యయు తీగెలును తట్టుకొనజాలవు గనుక గిటారు మాటిమాటికి శ్రుతి తప్పుచుండెను. గాయకుడు కబుర్లు చెప్పుచునే బిరడలు త్రిప్పి, చిట్టచివరి లావుతీగెను ఒక స్వరము క్రిందికి దించి, దానిని ఒంటిగా మ్రోగించి వదలినపుడు, మన తంబుర మంద్రషడ్జమువలె ఆ నాదము గదినంతటిని ఆవరించినది. ఆ తరువాత వచ్చిన పాటలలో పెక్కు ఆ నాదముమీదనే నిలిచినవి.

జానపదగీతమునకు విద్యుద్వాద్యములు తోడగుట అపచారమని వాదించినవారు ఒకప్పుడు కొల్లలు. 1965 జూలై 25న న్యూపోర్టు ఉత్సవమున బాబ్ డిలాన్ విద్యుత్ గిటారుతో వేదికనెక్కినప్పటి రభస నేటికిని కథలుగా చెప్పుకొనబడుచున్నది. ఆ వాదమును క్రిస్మసు పాటలమీదికి తెచ్చి, ‘పవిత్రగీతములను రాక్ తాళమునకు దించుట తగునా’ యని మా ప్రక్క బల్లవద్ద నొక పెద్దమనిషి విరామములో గొణిగెను. ఆయన శంక న్యాయమైనదే గాని, ఈ పాటల వంశవృక్షమును చూచినవారికి అది నిలువదు. మధ్యయుగముల ఐరోపాలో ఇట్టి పాటలు చేతులు పట్టుకొని వలయముగా తిరుగుచు ఆడుటకు పుట్టినవి. ‘వాట్ చైల్డ్ ఈజ్ దిస్’ అను గీతమునకు పదములు 1865 నాటివి. వరుస మాత్రము ఎలిజబెత్ రాణి కాలమునాటి ‘గ్రీన్ స్లీవ్స్’ అను శృంగారగీతమునది. ఆ రాత్రి ఫిడేలు వాయించిన యామె దానిని చతుశ్రుతి ధైవతముతో ఎత్తుకొనగా, ఖరహరప్రియ ఛాయ తొంగిచూచి, నా పొరుగుననున్న గుంటూరు మిత్రుడు ఉలికిపడి నా వైపు చూచెను. ప్రేయసి తిరస్కారమునుగూర్చిన వరుస బాలయేసు పవళింపునకు ఒదిగినపుడు లేని అపచారము, చెక్కపెట్టె తాళము తోడైనంతమాత్రమున వచ్చునా?

ఇంకొక విశేషము. జానపద రాక్ బృందములు పాడిన క్రిస్మసు పాటలలో ప్రసిద్ధికెక్కినదొకటి ఏ వాద్యమును లేనిది! ఇంగ్లండులో స్టీల్ ఐ స్పాన్ అను బృందము ‘గౌదేతే’ అను లాటిను గీతమును కేవలము కంఠములతో పాడగా, 1973 చివర అది బ్రిటిషు పాటల పట్టికలో 14వ స్థానమునకు ఎగబ్రాకినది. ఆ పాట 1582లో అచ్చయిన ‘పీయే కాంతియోనెస్’ అను సంకలనములోనిది. ఫిన్లాండు పాఠశాలల బాలురు పాడుకొనిన గీతముల కూర్పు అది. మేము వినవచ్చిన బృందమువారును వాద్యములు క్రింద పెట్టి, మైకులకు వెనుకగా జరిగి, దానిని పాడిరి. చివరి వరుసకు గూడ ఊపిరి తీయుట వినబడినది. ఇట్టి సామీప్యము పెద్ద మందిరములలో దొరకదు.

బోస్టను వాసులు తమదిగా చెప్పుకొనదగినది ‘జాయ్ టు ది వరల్డ్’. పదములు ఐజక్ వాట్సు అను ఆంగ్లేయునివి, 1719 నాటివి. ఇప్పుడు లోకమంతయు పాడు వరుసను కూర్చినవాడు బోస్టను నగర సంగీతోపాధ్యాయుడు లోవెల్ మేసన్. సంగీతము నేర్చుకొనుచున్న మన పిల్లలకు దీని మొదటి పాదమును వినిపించి స్వరములు చెప్పుమనవలెను: తారషడ్జమునుండి మధ్యషడ్జమువరకు ఒక్క స్వరమైనను దాటక దిగు ధీరశంకరాభరణ అవరోహణమే అది. స ని ద ప మ గ రి స. సరళీస్వరములు పాడుకొను పాప కూడ పట్టుకొనగల వరుస ఇంతటి ఉల్లాసమును పుట్టించుటకు రహస్యము స్వరములలో లేదు, వాని నిడివిలో నున్నది. మొదటి స్వరము గట్టిగా నిలిచి, తరువాతివి తొందరగా దొర్లును.

అంతకంటె నన్ను కదిలించినది ఆ గదికి కొంత నడకదూరమున, బ్రాటిల్ వీధిలోని 105వ ఇంట పుట్టిన గీతము. కవి హెన్రీ వాడ్స్ వర్త్ లాంగ్ ఫెలో భార్య 1861లో వస్త్రములకు నిప్పంటుకొని మరణించెను. 1863 నవంబరులో అంతర్యుద్ధమునందు కుమారుడు తుపాకిగుండు తగిలి ప్రాణాపాయస్థితిలో పడెను. ఆ క్రిస్మసు నాడు గంటల మ్రోత విని ఆయన వ్రాసిన పద్యములే తరువాత వరుస కట్టబడి పాటయైనవి. యుద్ధమునుగూర్చిన చరణములను నేటి గాయకులు తరచు విడిచిపెట్టుదురు. ఈ బృందము విడువలేదు. అక్కడ మాండొలిను ఆగిపోయి బేస్ ఒక్కటే నడచినది. బృందమువారి సొంత పాటలును కొన్ని ఉండెను గాని, వానికి ఇట్టి పొరుగున నిలుచు సత్తువ లేకపోయినది.

కడపట ‘సైలెంట్ నైట్’. 1818 డిసెంబరు 24న ఆస్ట్రియాలోని ఓబెర్న్ డోర్ఫ్ గ్రామపు చర్చిలో యోసెఫ్ మోర్ అను పురోహితుడును, ఫ్రాంజ్ గ్రూబర్ అను బడిపంతులును దీనిని మొదటిసారి పాడినపుడు పక్కవాద్యము ఆర్గను కాదు, గిటారే. కాబట్టి ఆ రాత్రి మేము వినినది నూతనవేషము కాదు, పాత చీరయే. గాయకుడు రెండవ చరణమునకు నోరు మూసికొని చేయి ఊపగా గదియంతయు పాడినది. విరామములో గొణిగిన పెద్దమనిషియు పాడెను. మా బల్లవద్ద కృష్ణా జిల్లానుండి వచ్చిన యొక వదినగారు తమ ఊరి చర్చిలో నేర్చిన తెలుగు అనువాదమును అదే వరుసలో మెల్లగా పాడుకొనుచుండిరి. ఎవరికిని అడ్డు కాలేదు.

తెలుగునాట డిసెంబరు రాత్రులలో హార్మోనియము, డోలకు తోడుగా యువకులు ఇంటింటికి పోయి పాడు ఆచారము ఆమె చెప్పగా, ప్రక్కవారు కుర్చీలు దగ్గరకు జరుపుకొని వినిరి. ఆ వారములలోనే తెల్లవారుజామున హరిదాసు చిడతలును వినబడునని నేను చేర్చితిని. పురుషోత్తమ చౌదరి (1803–1890) కర్ణాటక రాగతాళములలో రచించిన క్రైస్తవకీర్తనలు మన ఇండ్లలోని ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకమున నేటికిని ఉన్నవి. వానిని గిటారుతో పాడుటకు మన సంఘ యువకులు పూనుకొనవచ్చును. శంకరాభరణమువంటి రాగములలోనివి సులభముగా కుదురును. గమకము బలముగా నుండు రాగములకు గిటారు మెట్లు అడ్డు తగులును గనుక, అక్కడ గిటారును శ్రుతికి మాత్రము ఉంచి పాటను ఫిడేలునకు అప్పగించుట మేలు.