పాత అంబాసిడరునకు క్రొత్త దీపము

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండి తెలుగు కుటుంబములు స్థిరపడిన ఖరగ్‌పూరులో, ఐఐటీకి చేరువనున్న ప్రేమ్ బజార్ వంటి పేటయందు, ఉత్తరపాడా కర్మాగారము 2014లో నిర్మాణము చాలించిన అంబాసిడరు కారు ఎవరి వాకిటనైనను ఇంకను నిలిచియున్నచో, దాని హెడ్‌లైటు మార్చుటకు మెకానిక్కును పిలువ నక్కరలేదు.

బ్యాటరీ తీగ విప్పి, దీపము చుట్టునున్న రింగును తొలగించి, లోపలి బిగింపు మరలను మాత్రమే వదులు చేయవలెను. కాంతి దిశను దిద్దు మరలు వేరు, వానిని కదల్చినచో ఎదుటివాని కన్నులు చెదరును. పూర్వపు సీల్డ్ బీమ్‌లో అద్దము, ప్రతిఫలకము, తంతువు ఏకఖండము గనుక తంతువు మాడినచో అంతయు మార్చవలసినదే. హాలోజన్ దీపమునకు బల్బొక్కటే చాలును. ఆ 60/55 వాట్ల బల్బు గాజును వ్రేళ్లతో తాకరాదు: జిడ్డంటినచోట వేడి విషమించి అది త్వరగా చెడును. అంతకుమించిన వాట్ల వ్యామోహము నాకు రుచింపదు. పాత తీగలు కాగిపోవును.

దీపమును తిరిగి బిగించిన పిదప కారును సమతలముపై గోడ కెదురుగా నిలిపి, డిమ్ కాంతి ఎదుటి బండ్లు వచ్చు కుడివైపున పైకెగయక, ఎడమ అంచునకే ప్రసరించుచున్నదో లేదో చూడవలెను.