సభలో నేర్చిన పని, సభ బయట జీతం

బెజవాడ భవానీపురం నుంచి ప్రకాశం బ్యారేజీ దాటి, ఉండవల్లి మీదుగా కరకట్ట పట్టుకుంటే వెలగపూడి శాసనసభ. 2017 మార్చిలో అక్కడ తొలి సమావేశాలు జరిగినప్పటి నుంచి, చట్టసభ పని బెజవాడ కుర్రాళ్లకు ఊళ్లో ఉద్యోగం లాంటిదైంది. ఆ పని నేర్చినవాళ్లకు ఆ తరవాత ఇంకో తలుపు తెరుచుకుంటుంది. అది కంపెనీల తరఫున ప్రభుత్వంతో మాట్లాడే కొలువు. విజిటింగ్ కార్డు మీద ‘పబ్లిక్ పాలసీ’ అని ఉంటుంది, జనం మాత్రం పైరవీ అంటారు.

ముందుగా ఒక తేడా గమనించాలి. రాజ్యాంగం 187వ అధికరణం ప్రకారం శాసనసభకు సొంత సచివాలయం ఉంటుంది. అందులోవాళ్లు పింఛను వచ్చే ఉద్యోగులు, సాధారణంగా కొలువు వదలరు. మారేది సభ్యుల సొంత మనుషులు. 2018లో ఎంపీకి సహాయకుడి కోసం ఇచ్చే భత్యం నెలకు 40,000 రూపాయలు. 2025లో పెంచారు కానీ, ఢిల్లీలో కాపురం పెట్టినవాడికి అదేమంత? పీఆర్ఎస్ సంస్థ 2010లో మొదలుపెట్టిన ల్యాంప్ ఫెలోషిప్ యువ పట్టభద్రులను ఏడాదికి కాస్త తక్కువగా ఒక్కో ఎంపీ దగ్గర పనికి పెడుతూ వచ్చింది. ఆ గడువు అయ్యాక ఏదో ఒక దారి వెతుక్కోవాల్సిందే.

ఇంతకీ కంపెనీ అలాంటి సహాయకుడి దగ్గర కొనుక్కునేది ఏమిటి? లోక్‌సభలో రోజుకు మౌఖిక జవాబిచ్చే ప్రశ్నలు 20, రాతపూర్వకంగా ఇచ్చేవి 230. ప్రశ్నకు 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఎలా రాస్తే తిరస్కరించరో, బిల్లు ఏ స్థాయీ సంఘానికి వెళ్తుందో, ఫైలు ఏ సెక్షన్‌లో ఆగిందో అతనికి తెలుసు. ముసాయిదా చట్టాలను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలని కేంద్రం 2014లో విధానం పెట్టుకుంది. రైతుకు ఆ సంగతి పేపర్లో వచ్చేదాకా తెలియదు. కంపెనీ మనిషి మొదటి రోజే చదివి, ఏ మాట మార్చాలో రాసి పంపిస్తాడు. ఇంతవరకూ తప్పేమీ లేదు. ఆ మాటకొస్తే ఇలాంటి మనిషి మన రొయ్యల చెరువుల రైతులకూ కావాలి. 2003 డిసెంబరు 31న అమెరికా రొయ్యల ఉత్పత్తిదారులు డంపింగ్ ఫిర్యాదు వేస్తే, 2005 ఫిబ్రవరిలో భారత్ సహా ఆరు దేశాల రొయ్యల మీద సుంకాల ఉత్తర్వు వచ్చింది. కైకలూరు, భీమవరం చెరువుల్లోని రొయ్యల ధరను వాషింగ్టన్‌లో ఎవరో నడిపించారన్నమాట.

చిక్కంతా కంపెనీ కొనే రెండో సరుకుతో, అంటే పరిచయాలతో. నిన్నటిదాకా ఎంపీ గారి బల్ల పక్కన కూర్చున్నవాడు ఇవాళ అదే గదికి కంపెనీ కాగితం పట్టుకొస్తే, కాదనేదెవరు? అమెరికాలో 1995 చట్టం ప్రకారం లాబీయిస్టు పేరు నమోదు చేసుకోవాలి, ఖర్చు చూపించాలి. పై స్థాయి సభా సిబ్బంది బయటికొచ్చాక ఏడాది పాటు పాత చోట లాబీయింగ్ చేయకూడదు. వాల్‌మార్ట్ భారత మార్కెట్ కోసం కూడా లాబీయింగ్‌కు డబ్బు పెట్టిందని 2012లో మన పార్లమెంటు అట్టుడికింది అక్కడి లెక్కల పుణ్యమానే. మన ప్రభుత్వం విశ్రాంత న్యాయమూర్తి ముకుల్ ముద్గల్‌తో విచారణ జరిపించింది. కానీ మన పుస్తకాల్లో వెతకడానికి లెక్కలంటూ ఉంటే కదా!

మన దగ్గర లాబీయిస్టుల రిజిస్టరు లేదు. కేంద్రంలో గ్రూప్-ఎ అధికారి రిటైరయ్యాక ఏడాదిలోపు ప్రైవేటు కొలువులో చేరాలంటే అనుమతి తీసుకోవాలి. ఎంపీ సొంత సహాయకుడు ప్రభుత్వోద్యోగి కాడు కనక ఆ నిబంధన అతనికి తగలదు. అప్పటి ఒడిశా ఎంపీ కాళికేశ్ నారాయణ్ సింగ్ దేవ్ లాబీయింగ్ వివరాలు వెల్లడించాలంటూ ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు.

అలాంటి బిల్లు పెట్టడానికి మంత్రి కానక్కర్లేదు, సభ్యుడైతే చాలు. మన రాష్ట్రం నుంచి లోక్‌సభలో 25 మంది ఉన్నారు. మీ ఎంపీ ఈసారి ఎదురుపడితే, రోడ్డు గురించి అడిగాక ఈ బిల్లు సంగతి కూడా అడగండి.