పురిటినాటి రక్తపుబొట్టు

డెన్మార్కు దేశమున శిశువు పుట్టిన కొలది దినములకే మడమనుండి కొన్ని బొట్ల రక్తము తీసి, అద్దుడు కాగితముపై ఆరబెట్టుదురు. పుట్టుకతో వచ్చు వ్యాధులను కనిపెట్టుటకే ఈ యేర్పాటు. పరీక్ష ముగిసిన పిమ్మట ఆ కాగితములను పారవేయక శీతలాగారమున దాచుదురు. ఈ ముందుచూపును మేము మెచ్చుకొనక తప్పదు.

డి విటమిను ఎండ సోకిన చర్మమున తయారగునని మనమెరుగుదుము. గర్భస్థ శిశువునకు తల్లి పంచినదే ఆధారము. ఉత్తర దేశముల దీర్ఘ శీతకాలమున తల్లికే అది కరవు. ఆ చలినెలలు గర్భమున గడపి వసంతమున పుట్టినవారికి మల్టిపుల్ స్క్లెరోసిస్ అను వ్యాధి కొంత హెచ్చని లోగడనే గమనించిరి. ఇందు దేహమును కాపాడవలసిన కణములే నాడుల పైపొరను శత్రువని భ్రమించి నాశనము చేయును. యౌవనముననే చూపు మందగించును, కాళ్లు పట్టుతప్పును.

1981 నుండి పుట్టి ఈ వ్యాధికి లోనైన 521 మంది కాగితములను వెలికితీసి, వ్యాధి లేని 972 మంది కాగితములతో పోల్చిరి. 2016లో ఫలితము వెలువడినది. పుట్టుకనాడు ఈ విటమిను మిక్కిలి హెచ్చుగా నున్నవారికి, మిక్కిలి తక్కువగా నున్నవారి కంటె వ్యాధి వచ్చు అవకాశము ఇంచుమించు సగమే!

అయినను తొందర తగదు. 2014లో స్వీడనున ఇట్టి కాగితములతోనే చేసిన శోధనలో ఈ సంబంధము కానరాలేదు. లోపమే వ్యాధికి కారణమా, వేరొక కారణమునకు గురుతు మాత్రమేనా యనునది తేలలేదు. పైగా ఈ విటమిను మితిమీరినచో రక్తమున కాల్షియము పెరిగి మూత్రపిండములు చెడును. పసిబిడ్డకు ఎన్ని చుక్కలు వేయవలెనో వైద్యుని అడిగియే వేయుడు.