చేన్లో వింత రాయి దొరికిందా? జేబులో వేసుకునే ముందు ఒక్క నిమిషం

ఈ మధ్య నాకు వస్తున్న మెసేజ్‌లలో సగం ఒకటే ప్రశ్న: "అన్నా, మా చెలకలో వింత రాయి దొరికింది, ఎంత వస్తది?" ఇవాళ్టి ఎపిసోడ్ దాని గురించే. ధర మాత్రం చెప్పను. ఎందుకో మీకే అర్థమైతది.

ముందు మన నేల సంగతి. వరంగల్, హనుమకొండ చుట్టూ కనిపించే గుట్టలు ఎక్కువగా గ్రానైట్. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటివి. భూమి లోపల కరిగిన పదార్థం చల్లారి గట్టిపడిన రాయి అది, పైగా అప్పటికి చెట్లు, జంతువులు పుట్టనే లేదు. అందుకే గ్రానైట్‌లో శిలాజం దొరకదు. రాయి మీద నల్లగా చెట్టుకొమ్మల్లాగా కనిపిస్తే చాలామంది ఆకు శిలాజం అనుకుంటారు. అది పగుళ్లలోకి దిగిన నీళ్లు వదిలిన మాంగనీస్ మరక.

అదే భూపాలపల్లి దాటి గోదావరి వైపు పోతే కథ వేరే. అక్కడ ఇసుకరాయి, బొగ్గు. బొగ్గు పొరల పక్కన ఉండే మెత్తటి రాయిలో గ్లాసోప్టెరిస్ అనే చెట్టు ఆకుల ముద్రలు ఉంటాయి, 25 కోట్ల ఏళ్లకు పైబడినవి. ఆ గోదావరి లోయలోనే యామన్‌పల్లి దగ్గర జురాసిక్ కాలపు డైనోసార్ ఎముకలు బయటపడ్డాయి. 1988లో జీఎస్ఐ శాస్త్రవేత్త పి. యాదగిరి దానికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. ఊరి పేరు ఆ జంతువు పేరులోనే ఉంది, గమనించండి.

ఇక మనుషులు వదిలిపోయిన వస్తువులు. నున్నగా అరగదీసిన, ఒక వైపు పదునున్న నల్లరాయి దొరికితే మన ఊర్లలో పిడుగురాయి అంటారు, పిడుగుతో పాటు పడిందని. నిజానికి అది నవీన శిలాయుగపు రాతిగొడ్డలి, నాలుగైదు వేల ఏళ్ల నాటిది కావచ్చు. బరువుగా, బుడగలు బుడగలుగా ఉన్న నల్లటి ముద్ద దొరికితే ఉల్క అని ఫొటో పంపుతారు. చాలాసార్లు అది చిట్టెం, అంటే ఒకప్పుడు ఇనుము కరిగించినప్పుడు మిగిలిన మడ్డి. ఉల్కల్లో అట్లాంటి బుడగలు ఉండడం చాలా అరుదు. పెంకులు, పూసలు కనిపిస్తే పక్కన పాటిగడ్డ ఉందేమో చూడండి. పాటిమన్ను చేనుకు బలమని తోలుతారు కదా, దాంతో పాటు పెంకులూ వస్తాయి. అంటే పెంకు దొరికిన చోటే ఊరు ఉండేదని చెప్పలేం.

ఇప్పుడు నా తప్పు. కొన్నేళ్ల కింద తొలకరి పడ్డాక ఒక పత్తి చేను గట్టు మీద రాతిగొడ్డలి దొరికింది. తెచ్చి, శుభ్రంగా కడిగి, అల్మారాలో మిగతా రాళ్ల పక్కన పెట్టిన. ఆరు నెలల తర్వాత పురావస్తు శాస్త్రం చదివిన ఒకాయన చూసి అడిగిండు: "ఏ చేను? పక్కన పెంకులున్నాయా? రాతి పెచ్చులున్నాయా?" ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే డేటా ఉంది, మెటాడేటా పోయింది. వెతుక్కుంటూ మళ్లీ పోతే, నాకు గుర్తున్న వైపంతా వెంచర్ అయింది. ప్లాట్లకు హద్దురాళ్లు పాతిండ్రు.

చోటు రాసిపెడితే ఏమైతదో చూడండి. రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1863లో మద్రాసు దగ్గర పల్లవరంలో, ఆ తర్వాత అత్తిరంపాక్కంలో రాతి పనిముట్లు గుర్తించి, ఎక్కడ దొరికాయో నమోదు చేసిండు. అదే అత్తిరంపాక్కంలో శాంతి పప్పు బృందం మళ్లీ తవ్వి, అక్కడి పనిముట్లు దాదాపు 15 లక్షల ఏళ్ల నాటివని 2011లో ప్రకటించింది.

చట్టం కూడా తెలుసుకోండి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దాగి ఉన్న, పది రూపాయలకు మించిన విలువున్న వస్తువు దొరికితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. 1972 పురావస్తువుల చట్టం కింద వందేళ్లు దాటిన పురావస్తువును దేశం దాటించడం నేరం. లైసెన్స్ లేకుండా వీటి వ్యాపారం కూడా చేయొద్దు. ఓరుగల్లు కోట లాంటి రక్షిత స్థలాల్లో అయితే చిన్న ముక్క కూడా ముట్టుకోవద్దు.

మరి ఏం చేయాలి? రైతును అడిగి చేన్లోకి దిగండి. వస్తువును కదపకముందే పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీయండి. ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేయండి. తారీఖు, చేను ఎవరిది, చుట్టుపక్కల ఏమున్నాయి, అన్నీ రాసుకోండి. తవ్వొద్దు, కడగొద్దు. ఆ వివరాలతో రాష్ట్ర వారసత్వ శాఖకో, దగ్గరి మ్యూజియంకో తెలపండి.

నా అల్మారాలోని ఆ గొడ్డలికి ఇప్పుడు ఒక చీటీ అంటించిన: "వరంగల్ జిల్లా. చేను తెలియదు." మీ చీటీ మీద ఆ రెండో మాట ఉండొద్దనే ఈ ఎపిసోడ్ చేసిన. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి.