పేస్ట్రీ విషమూ కాదు, మందూ కాదు

"డాక్టరు గారూ, చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళు ఒక్క కేకు ముక్క కూడా తినకూడదా?" మా ఆసుపత్రిలో ఈ ప్రశ్న వినని రోజు ఉండదు. జవాబు చెప్పే ముందు, ఈ మధ్య నేను కళ్ళారా చూసిన ఒక సంఘటన మీకు చెప్పాలి.

గోదావరిఖనిలో ఒకప్పుడు బేకరీ అంటే బన్ను, రస్కు, ఎగ్ పఫ్ అంతే. ఇప్పుడు అద్దాల బీరువాల్లో క్రోసాంట్, ఎక్లేర్, మూస్ అని ఫ్రెంచి పేర్ల చీటీలు కనిపిస్తున్నాయి. ఒక సాయంత్రం మనవరాలి పోరు పడలేక నేనూ అలాంటి చోటికి వెళ్ళాను. పక్క బల్ల దగ్గర ఒక బొగ్గుగని కార్మికుడు భార్యతో, కూతురితో కూర్చుని ఉన్నాడు. ఫస్ట్ షిఫ్టు దిగి, బిడ్డ పుట్టినరోజని వచ్చారట. చల్లని గదిలో కూడా అతని నుదుట చెమటలు కారుతున్నాయి. చేతులు వణుకుతున్నాయి. మాట తడబడుతోంది.

"షుగర్ ఉన్నదా?" అని అడిగాను.

"ఉన్నది సార్. పొద్దున గోలీ ఏసుకున్న. సాయంత్రం కేకు తినాలె గదా అని మధ్యాహ్నం బువ్వ తినలే."

షుగర్ పడిపోయిందని ఆ ఇల్లాలికి కూడా అర్థమైంది. క్రీము పేస్ట్రీ ముక్క అతని నోటికి అందించబోయింది. నేను ఆపాను. "అమ్మా, అది తర్వాత. ముందు చక్కెర నీళ్ళు" అన్నాను. కౌంటరు మీది చక్కెర మూడు చెంచాలు అరగ్లాసు నీళ్ళలో కలిపి తాగించాం. పావుగంటలో మనిషి తేరుకున్నాడు. తర్వాత రెండు బన్నులు తినిపించి ఆసుపత్రికి పంపాను. ఇదే గని లోపల, యంత్రాల పక్కన జరిగి ఉంటే? ఆ ఆలోచనకే నాకు గుండె ఝల్లుమంది.

పేస్ట్రీ తీపే కదా, ఎందుకు వద్దన్నారని మీరు అడగవచ్చు. పేస్ట్రీలో చక్కెరతో పాటు కొవ్వు ఎక్కువ. కొవ్వు పడితే కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది. చక్కెర రక్తంలో చేరడం ఆలస్యమవుతుంది. షుగర్ పడిపోయినప్పుడు ప్రతి నిమిషమూ విలువైనదే. గ్లూకోజు పొడి, చక్కెర నీళ్ళు, పండ్లరసం ఇవే సరైనవి. పావుగంటలో తగ్గకపోతే మళ్ళీ ఇవ్వాలి. తగ్గాక తప్పకుండా భోజనం పెట్టాలి. కొన్ని మాత్రల ప్రభావం గంటల తరబడి ఉంటుంది కనుక షుగర్ మళ్ళీ పడిపోవచ్చు. అందుకే డాక్టరుకు చూపించాలి. వోగ్లిబోస్, అకార్బోస్ వాడేవారికి మామూలు చక్కెర త్వరగా పనిచేయదు. వారి జేబులో గ్లూకోజు పొడి ఉండి తీరాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి.

ఇక ఆ బీరువాలోని వస్తువుల సంగతి. క్రోసాంట్‌కు పిండి మీద వెన్న పరిచి, మడిచి, ఒత్తి, మళ్ళీ మడుస్తారు. పొయ్యిలో పెట్టినప్పుడు పిండిలోని, వెన్నలోని నీరు ఆవిరై పొరలను పైకి లేపుతుంది. మనకు చిరకాలంగా తెలిసిన పఫ్ పొరలు విచ్చుకోవడంలోని కిటుకూ అదే. వెన్నకు బదులు చవకైన వనస్పతో మార్జరినో వాడే చోట్లు చాలా ఉన్నాయి. పాతకాలపు వనస్పతిలో ట్రాన్స్ కొవ్వులు ఎక్కువగా ఉండేవి. అవి చెడ్డ కొలెస్టరాల్‌ను పెంచి, మంచిదాన్ని తగ్గించి గుండెకు చేటు చేస్తాయి. మన దేశంలో 2022 నుంచి నూనెలు, కొవ్వులలో ఇవి 2 శాతానికి మించరాదని నిబంధన ఉంది. అది మంచి మార్పే. అయితే వెన్నయినా వనస్పతి అయినా ఒక గ్రాము కొవ్వుకు 9 కేలరీలు. ఆ లెక్క మారదు.

మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్నారని 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనం తెలిపింది. ఇంతమందినీ "జన్మలో తీపి ముట్టకండి" అంటే ఎవరు వింటారు? దొంగచాటుగా తింటారు. లేదా ఆ కార్మికుడిలా అన్నం మాని లెక్క సరిచేయబోతారు. రెండూ ప్రమాదమే. అందుచేత ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి.

పేస్ట్రీ కోసం భోజనం మానకండి. ముఖ్యంగా ఇన్సులిన్ గాని, షుగర్‌ను గట్టిగా దించే మాత్రలు గాని వాడేవారు వేళ తప్పకూడదు. షిఫ్టు మారినప్పుడల్లా మందు వేళలు ఎలా మార్చుకోవాలో మీ డాక్టరును అడగండి.

షుగర్ అదుపులో ఉన్నవారు పండుగకో పుట్టినరోజుకో ఒక ముక్కను ఇద్దరు పంచుకుని తింటే కొంప మునగదు. ఆ పూట అన్నం కొంచెం తగ్గించండి, మానవద్దు. పక్కన కూల్‌డ్రింకు వద్దు. తిన్న రెండు గంటలకు గ్లూకోమీటరుతో చూసుకుంటే మీ ఒంటికి ఎంత సరిపడుతుందో మీకే తెలుస్తుంది.

"షుగర్ లెస్" అన్న బోర్డు చూసి మోసపోకండి. చక్కెర లేకున్నా మైదా ఉంది. అది కడుపులో గ్లూకోజే అవుతుంది. కొవ్వు ఎలాగూ ఉంటుంది.

రామగుండం ఎండలు మీకు తెలియనివి కావు. క్రీము పేస్ట్రీ ఫ్రిజ్‌లో ఉంటేనే కొనండి. ఇంటికి తెచ్చి బల్ల మీద వదిలేయకండి. చెడిన క్రీము వాంతులు, విరేచనాలు తెస్తుంది. పిల్లల చేత తిన్న వెంటనే నోరు పుక్కిలింపించండి.

దసరాకు ముందు లాభాల వాటా చేతికందితే సింగరేణి ఇళ్ళలో పిల్లలు బేకరీ దారి పట్టిస్తారు. సంతోషంగా వెళ్ళండి. అయితే బయలుదేరే ముందు ఇల్లాలు భర్తను రెండు ప్రశ్నలు అడగాలి. "బువ్వ తిన్నవా? జేబుల గ్లూకోజు పొట్లం ఉన్నదా?" మరునాడు ఆసుపత్రికి వచ్చిన ఆ కార్మికుడు నేను అడగకముందే జేబు తట్టి పొట్లం చూపించాడు. నాకు ఇవ్వవలసిన ఫీజు అదే!