మీటరు సక్రమంగా లెక్కిస్తోందా? అండమాన్‌లో బిగింపు నుంచి పరీక్ష వరకు

శ్రీవిజయపురం: గోడకు బిగించిన చిన్న పెట్టె చూపే అంకెపైనే ప్రతి ఇంటి కరెంటు బిల్లు ఆధారపడుతుంది. 2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్‌గా పిలిచిన శ్రీవిజయపురంలోని డైరీ ఫార్మ్ వంటి ప్రాంతాల్లో ఆ పెట్టెను బిగించడం, కాపాడడం మరింత జాగ్రత్తతో కూడిన పని. సముద్రపు ఉప్పుగాలి, నైరుతి, ఈశాన్య రుతుపవనాల వానలు ఇందుకు కారణం.

అండమాన్ దీవులు ప్రధాన భూభాగపు గ్రిడ్‌తో అనుసంధానం కాలేదు. ఇక్కడి విద్యుదుత్పత్తి ప్రధానంగా ఓడల్లో వచ్చే డీజిల్‌పై ఆధారపడింది. ఉత్పత్తి, సరఫరా, పంపిణీ బాధ్యతలు పాలనాయంత్రాంగంలోని విద్యుత్ విభాగానివే. యూనిట్‌కు అయ్యే ఖర్చు వినియోగదారు చెల్లించే ధర కంటే చాలా ఎక్కువ. ఆ లోటును ప్రభుత్వ నిధులు పూడుస్తున్నాయి. అందువల్ల మీటరు తప్పు చూపితే నష్టం ఇంటి యజమానికి గానీ, ప్రజాధనానికి గానీ తప్పదు.

బిగింపులో కీలకాంశాలు

సరైన మీటరు లేకుండా విద్యుత్ సరఫరా చేయరాదని 2003 నాటి విద్యుత్ చట్టంలోని 55వ సెక్షన్ సూత్రప్రాయంగా నిర్దేశిస్తోంది. మీటర్ల ఏర్పాటు విధానాన్ని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2006లో నిబంధనలుగా ప్రకటించింది. మీటరును వాన తగలని, సిబ్బంది సులభంగా చేరుకోగల చోట అమర్చాలి. సర్వీసు వైరు పైనుంచి నేరుగా పెట్టెలోకి దిగితే దాని వెంబడే నీరూ దిగుతుంది. కాబట్టి వైరుకు కిందివైపు వంపు ఇచ్చి అడుగు భాగం నుంచి లోపలికి తీసుకోవడం మేలు.

టెర్మినల్ స్క్రూలు వదులుగా ఉంటే అక్కడ నిరోధం పెరిగి వేడి పుడుతుంది. ఉప్పుగాలికి లోహం తుప్పు పట్టినా ఇదే జరుగుతుంది. మీటరు కాలిపోవడానికి తరచూ కారణమయ్యేది ఈ లోపమే. కరకర శబ్దం, కాలిన వాసన, కరిగిన ప్లాస్టిక్ కనిపిస్తే వెంటనే విద్యుత్ సిబ్బందికి తెలపాలి. సీలును వినియోగదారు స్వయంగా తెరవకూడదు.

ఒకే ప్రాంగణంలో రెండు మూడు కుటుంబాలు అద్దెకు ఉండేచోట మరో చిక్కు వస్తుంది. ఒక ఇంటి న్యూట్రల్ వైరును పక్కింటి దానితో కలిపితే ఫేజ్‌లో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉండవు. అనేక ఎలక్ట్రానిక్ మీటర్లు ఈ తేడాను ఎర్త్ లీకేజీ సూచికతో తెలుపుతాయి. రెండింటిలో ఎక్కువైన దానినే లెక్కిస్తాయి. ఫలితంగా ఏ తప్పూ చేయనివారికీ బిల్లు పెరగవచ్చు. వినియోగదారుల ఫేజ్, న్యూట్రల్ వైరింగ్ ఒకదానితో ఒకటి కలవకూడదని నిబంధనలు చెబుతున్నది ఇందుకే.

ఇంట్లోనే పరిశీలన

మీటరుపై యూనిట్‌కు ఎన్ని మెరుపులో ముద్రించి ఉంటుంది. ఉదాహరణకు ఆ సంఖ్య 3200 అనుకుందాం. మిగతా ఉపకరణాలన్నీ ఆపి, 1,000 వాట్ల నీళ్ల హీటరును బకెట్ నీటిలో ఉంచి ఆన్ చేస్తే నిమిషానికి సుమారు 53 మెరుపులు రావాలి. వోల్టేజీని బట్టి కొంత తేడా సహజం. అన్నీ ఆపిన తరువాత కూడా మెరుపులు ఆగకపోతే ఇంటి వైరింగ్‌లో లీకేజీ ఉందేమో అర్హుడైన ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి.

వినియోగదారుల హక్కులు

ఈ పరిశీలన ప్రాథమికమైనదే. తుది నిర్ధారణ ప్రామాణిక పరికరంతో చేసే పరీక్షదే. మీటరుపై ఫిర్యాదు అందితే 30 రోజుల్లోగా పరీక్షించాలని 2020 నాటి విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలు చెబుతున్నాయి. 2024లో చేసిన సవరణ ప్రకారం, రీడింగ్ వాస్తవ వాడకానికి సరిపోలడం లేదని ఫిర్యాదు చేస్తే ఐదు రోజుల్లో అదనపు మీటరు అమర్చి, కనీసం మూడు నెలల పాటు రెండింటినీ పోల్చాలి. స్మార్ట్ మీటరు ఉన్నచోట కనీసం రోజుకొకసారి రీడింగ్ దూరం నుంచే నమోదు కావాలి.

బిగించిన రోజునే మీటరు క్రమసంఖ్య, తొలి రీడింగ్, సీలు స్థితి ఫొటో తీసి ఉంచుకుంటే మంచిది. తరువాత వివాదం తలెత్తితే వినియోగదారు చేతిలో ఉండే తొలి ఆధారం అదే.